పద్మ నుండి లేఖినికి: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, తెలుగు రచయితల సమూహం

అంతర్జాలంలో తెలుగు వ్యాప్తిని చర్చించేవారు తరచుగా ఖతుల చరిత్రతోనే సరిపెడతారు. రాసేవారి సమూహం ఎట్లా ఏర్పడిందన్న ప్రశ్న మరుగున పడింది. ఆనాడు ఒక్కొక్క దినపత్రికది ఒక్కొక్క ఖతి సంకేతం. సరైన ఖతి లేని కంప్యూటరులో ఆ పాఠం అర్థరహిత చిహ్నాల వరుసగా కనిపించేది. వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ అటువంటి పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికినదీ ఆయనే. పద్మ మూలసంకేతం అందరికీ తెరిచి ఉన్నందువల్లనే వీవెన్ దాని ఆధారంగా ‘లేఖిని’ని నిర్మించగలిగారు. మదనపల్లెలోనో కుప్పంలోనో ఇంటర్నెట్ కేంద్రంలో కూర్చున్నవారికి సైతం, ఇంగ్లీషు కీబోర్డుతోనే తెలుగు రాసే వీలు కలిగింది. ఇక్కడ పరికరం ముందు, సమూహం తరువాత అని నా భావన. వికీపీడియాను నడిపే మీడియావికీ కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. అందులోని ఆదేశాలను, సందేశాలను తెనిగించినవారు జీతగాళ్లు కారు, ఔత్సాహికులే.