ఊరూరా నడిచొచ్చిన విత్తనపు గుర్రం

పందొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో, ఆగస్టు నెల ముగిసి అక్కడ వసంతం వస్తోందంటే చాలు, ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా, న్యూజిలాండులోని ఒటాగో పల్లె పత్రికల్లో ఒక రకం ప్రకటనలు బారులు తీరేవి. పైన లావుపాటి అక్షరాల్లో గుర్రం పేరు. కింద మెడ వంచి నిలబడ్డ గుర్రం బొమ్మ. పక్క ప్రకటనలోని వేరే గుర్రానికీ తరచూ అదే బొమ్మ, అచ్చాఫీసులో ఉన్నది ఒక్క దిమ్మే కాబట్టి. ఆ తర్వాత వంశావళి: తండ్రి ఎవరు, తాత ఎవరు, తల్లిని కన్న గుర్రమేది, స్కాట్లండులో ఎవరికి ఏ బహుమతి వచ్చింది. రైతు కళ్లు మాత్రం ఆ కిందికే పోయేవి. సోమవారం ఏ హోటలు ముందు, మంగళవారం ఎవరి దొడ్లో, శనివారం ఏ సంత ఊళ్లో ఆ గుర్రం ఉంటుందో అక్కడ వరసగా ఉండేది. చివర రుసుము ఎంతో చెప్పి, ఆడగుర్రానికి ఏమైనా అయితే పూచీ సొంతదారుదేనని ఒక హెచ్చరిక చేర్చేవారు.

ఈ బ్రిటిష్ కాలనీల సేద్యం కథ చెప్పేవాళ్లు ఇనుప పనిముట్లతో మొదలుపెడతారు. 1843లో జాన్ రిడ్లీ గోధుమ వెన్నులు దువ్వే యంత్రం చేశాడు. 1876లో రిచర్డ్ స్మిత్ మోడు తగిలితే పైకి లేచి దాటిపోయే నాగలి చేశాడు. 1880ల్లో మెకే కోత, నూర్పిడి కలిపిన యంత్రం తెచ్చాడు. అన్నీ నిజమే. వాటిని లాగిందెవరన్న ప్రశ్న దగ్గర మాత్రం చరిత్ర ఒక్క ముక్కలో ‘గుర్రాలు’ అని తేల్చేస్తుంది. ఆ గుర్రాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పదు. ఆ యంత్రాల్లో చాలావాటి కంటే, ఏటా వసంతంలో ఊరూరా నడిచి వచ్చిన మగగుర్రాలే ఆ నేలను ఎక్కువ మార్చాయని నా అభిప్రాయం.

మొదట్లో ఎద్దులే. రోడ్డు లేని చోట, బురదలో, చెట్ల మధ్య ఎద్దును మించింది లేదు. మేతకు గడ్డి చాలు. కానీ 1861లో న్యూ సౌత్ వేల్స్, 1862లో విక్టోరియా, 1869లో దక్షిణ ఆస్ట్రేలియా చేసిన భూచట్టాలతో చిన్న రైతులు వందల ఎకరాలు తీసుకుని గోధుమ వేశారు. తొలకరి పదునుకు దున్నాలి, ఎండ ముదిరి గింజ రాలకముందే కోయాలి. కూలీలు దొరకరు, దొరికినా కూలి గిట్టదు. ఒక్క మనిషి రోజుకు ఎంత ఎక్కువ నేల తిప్పితే అంత లాభం. ఎద్దు నడక ఆ లెక్కకు సరిపోలేదు. ఆరు, ఎనిమిది గుర్రాలను ఒకే కాడికి కట్టి నడిపే పద్ధతి అలా స్థిరపడింది.

ఇక్కడే రైతుకు ఒక మేలు కనిపించింది. కట్టిన జట్టులో సగం ఆడగుర్రాలైతే, అవి పనీ చేస్తాయి, పిల్లా పెడతాయి. విత్తనాల పని అక్కడ ఏప్రిల్ నుంచి జూన్ దాకా. చూడిగుర్రాన్ని ఆ పనికి జాగ్రత్తగా కట్టుకోవచ్చు. పదకొండు నెలలు మోసి సెప్టెంబరు, అక్టోబరుల్లో ఈనుతుంది. అప్పటికి పచ్చిక లేచి ఉంటుంది, కోతలకు ఇంకా వ్యవధి ఉంటుంది. పిల్ల మూడేళ్లకు కాడి కిందికి వస్తుంది. నాలుగైదేళ్లు వాడుకుని, మంచి ఈడు మీద ఉండగానే పట్నంలో సారా బట్టీల వాళ్లకో, ఉన్ని బళ్ల వాళ్లకో అమ్ముకోవచ్చు. కావలసిందల్లా మంచి మగగుర్రం. చిన్న రైతుకు అందనిదీ అదే.

మన పల్లెల్లో దేవుడి పేర అచ్చువేసి వదిలిన ఆంబోతు ఊరందరి సొత్తు. ఎవరి చేలో మేసినా అదిలిస్తారే గాని కొట్టరు. ఊరి ఆవులకు అది ఖర్చులేని విత్తనం. ముళ్లతీగలు బిగించుకుని, నిన్నమొన్న వచ్చి చేరిన కాలనీ రైతులకు అలాంటి ఉమ్మడి ఆస్తి ఏదీ లేదు. అందుకని ఆ ఏర్పాటు డబ్బుతో నడిచింది.

విత్తనం చాలావరకు స్కాట్లండు నుంచి వచ్చింది. లానార్క్‌షైర్‌లోని క్లైడ్ నది లోయలో, అక్కడి ఆడగుర్రాలకు ఫ్లాండర్స్ మగగుర్రాలను కట్టించగా పద్దెనిమిదో శతాబ్దంలో తయారైన జాతి క్లైడ్స్‌డేల్. భుజం దగ్గరే మనిషి ఎత్తు, బరువు టన్నుకు కాస్త అటూ ఇటూ, ముఖాన తెల్లచార, గిట్టల మీద జాలువారే వెంట్రుకలు. అంత దేహంతోనూ కాళ్లు చురుగ్గా ఎత్తి నడుస్తుంది. 1877లో అక్కడ సంఘం పెట్టి వంశావళి పుస్తకం మొదలుపెట్టారు. 1884 నుంచి 1945 వరకు ఆ సంఘం 20,183 గుర్రాలకు ఎగుమతి పత్రాలు ఇచ్చింది. 1911 ఒక్క ఏడాదే 1,617. అదే ఏడాది డిసెంబరులో ఎయిర్ పట్టణపు వేలంలో బారన్ ఆఫ్ బక్లైవీ అనే మగగుర్రం 9,500 పౌన్లు పలికింది. అంతకు ముందే దాని యాజమాన్యం మీద ఇద్దరు భాగస్వాములు బ్రిటన్ ప్రభువుల సభ దాకా వ్యాజ్యమాడారు. గుర్రం మాత్రం వేలమయ్యాక మూడేళ్లలో ఒక ఆడగుర్రం తన్నుకు కాలు విరిగి చచ్చిపోయింది. దాని అస్థిపంజరం ఇప్పటికీ గ్లాస్గో మ్యూజియంలో ఉంది.

కాలనీలకు అంత ఖరీదైనవి రాలేదు. తెరచాప ఓడల కాలంలో ప్రయాణమే మూడు నెలల పైమాట. మెత్తలు కుట్టిన ఇరుకు గదిలో గుర్రం దాదాపు అన్ని రోజులూ నిలబడే ఉండాలి. సముద్రం పొంగితే కడుపు కింద గుడ్డపట్టీ కట్టి ఆపాలి. రేవు దిగేది బతికి బట్టకట్టినవే. ఆ ఖర్చు రాబట్టుకోవాలంటే గుర్రాన్ని ఒక్క చోట కట్టేసి కూర్చుంటే కుదరదు. పది ఊళ్లు తిప్పాలి.

తిప్పేవాడు కాపరి. తోకకు రంగు నాడాలు అల్లి, మూతికి ఇత్తడి బిళ్లల కళ్లెం వేసి, రోజుకు పది పదిహేను మైళ్లు పక్కన నడుస్తూనో, ఇంకో గుర్రమెక్కి పట్టుకునో తీసుకెళ్లేవాడు. రాత్రి హోటలు వెనక పాకలో గుర్రం పక్కనే పడక. అతని దారిని గీసింది మాత్రం ఆడగుర్రం ఒళ్లే. ఎద ఇరవై ఒక్క రోజులకోసారి తిరుగుతుంది. ఈనిన తొమ్మిదో రోజు ప్రాంతంలో మళ్లీ వస్తుంది. అందుకే ప్రతి వారం అదే రోజు అదే ఊరు. ఒకసారి తప్పినా మూడు వారాలకు మళ్లీ చూడొచ్చు.

ఊళ్లోకి రాగానే ముందు పరీక్ష. దిట్టమైన చెక్క దడికి అటు ఆడగుర్రం, ఇటు మగగుర్రం. ఎదలో లేకపోతే అది చెవులు వెనక్కి వాల్చి, కీచుమని అరిచి, దడి మీద ఫెడీమని తన్నుతుంది. ఎదలో ఉంటే కాళ్లు కాస్త ఎడం చేసి, తోక పక్కకు పెట్టి కదలకుండా నిలుస్తుంది. కాపరి అది చూసుకున్నాకే దడి దాటనిచ్చేవాడు. టన్ను బరువున్న విత్తనానికి ఒక్క తన్ను తగిలితే ఆ ఏటి పంట పోయినట్టే. పని అయ్యాక జేబు పుస్తకంలో తేదీ, ఆడగుర్రం రంగు, గుర్తులు, రైతు పేరు. కాపరి చేతికి విడిగా కొన్ని షిల్లింగులు. అసలు రుసుము రెండు మూడు పౌన్లు మామూలు. తిండి పెట్టి ఉంచుకున్న పొలం కూలీకి వారానికి పౌను అటూ ఇటూ ఇచ్చే రోజులవి. ఆ రుసుము కూడా చాలావరకు అరువే. గోధుమ అమ్ముకున్నాక వసూలు.

అరువన్నాక తగాదా తప్పదు. చూలు నిలవలేదు కాబట్టి ఇవ్వనని రైతు, చూలు నిలుపుతానని పూచీ రాశానా అని సొంతదారు. ఊరి న్యాయాధికారి ముందు ఇద్దరూ. ఈ గొడవ పడలేక కొందరు ‘పిల్ల పుడితేనే డబ్బు’ అని ముందే అచ్చువేశారు.

చవగ్గా దొరికే నాసిరకం మగగుర్రాల బెడద దీనికంటే పెద్దది. సగం రుసుముకు వస్తుందని కట్టించుకుంటే, గిట్ట పైన ఎముక పెరిగే జబ్బో, పరుగెత్తితే గొంతులో గురక పెట్టే జబ్బో పిల్లలకు దిగేది. మగగుర్రం ఒక్క రుతువులో డెబ్భై ఎనభై ఆడగుర్రాలను దాటితే, ఆ లోపం ఒక జిల్లా జిల్లాకే అంటుకుంటుంది. అది బయటపడేది మూడేళ్ల తర్వాత, కాడి కట్టినప్పుడు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో ప్రభుత్వ పశువైద్యులు మగగుర్రాలను పరీక్షించి పత్రాలివ్వడం మొదలైంది ఇందుకే. బ్రిటన్ కూడా 1918లో చట్టం చేసి, లైసెన్సు లేని మగగుర్రాన్ని ఊళ్లు తిప్పకూడదంది.

దీనికి తోడు గుర్రాల ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతల చాదస్తం ఒకటి. కాళ్ల వెంట్రుకలు ఎంత ఒత్తుగా, పట్టులా ఉంటే అంత బహుమతి. నల్లరేగడి బురదలో దున్నే రైతుకు ఆ వెంట్రుకలే శాపం. తడి ఆరక, మట్టి పేరుకుని, మడమ దగ్గర చర్మం చీకి పుండు పడేది. సాయంత్రం పూట బురద దువ్వి తుడిచే పని న్యాయనిర్ణేతది కాదుగా!

ఈ విత్తనంలో కొంత మన వైపుకీ వచ్చింది. ఆస్ట్రేలియా గుర్రాలను భారత సైన్యాల కోసం 1830ల నుంచే తెచ్చేవారు. దింపిన రేవుల్లో మద్రాసు ఒకటి. 1834 నాటి ఒక చిత్రంలో మద్రాసు తీరాన అలల మధ్య గుర్రాలు, చుట్టూ కట్టుమరాలు, మసూలా పడవలు కనిపిస్తాయి. న్యూ సౌత్ వేల్స్ పేరు మీద వాటిని వేలర్లు అన్నారు. రౌతులకు తేలికవి, ఫిరంగి బళ్లకు బరువైనవి కావాలి. ఆ బరువు తర్వాతి రోజుల్లో పొలం గుర్రాల రక్తం కలవగా వచ్చిందే. తెలుగు మాట ఇప్పటికీ వినిపించే హోసూరు దగ్గర మద్రాసు సైన్యానికి గుర్రాల డిపో ఉండేది.

1910 వసంతంలో దాటించిన ఆడగుర్రం 1911లో ఈనితే, ఆ పిల్ల కాడికి సిద్ధమయ్యేది 1914కు. సరిగ్గా అప్పుడే యుద్ధం వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి లక్షకు పైగా గుర్రాలు సముద్రం దాటాయి. స్వదేశం తిరిగి వచ్చిందని లెక్కకు వచ్చేది శాండీ అనే ఒక్క గుర్రమే, అదీ ఆస్ట్రేలియా సేనాని జనరల్ బ్రిడ్జెస్‌ది. అయినా 1918లో ఆ దేశంలో గుర్రాల సంఖ్య సుమారు 25 లక్షలతో శిఖరానికి చేరింది. న్యూజిలాండులో ఆ శిఖరం 1911లోనే, నాలుగు లక్షల పైన.

ట్రాక్టర్ వచ్చాక రైతు వేసిన లెక్క తేలిక. గుర్రానికి పని లేని రోజూ మేత కావాలి. దాని ఓట్స్ కోసం మంచి నేల కొంత వదలాలి. ట్రాక్టర్‌ను పాకలో పెట్టి మరిచిపోవచ్చు. అయితే 1930ల మాంద్యంలో చమురుకు డబ్బు లేక, రెండో ప్రపంచ యుద్ధంలో చమురుకే రేషను పెట్టడంతో, గుర్రం అవసరం మళ్లీ పడింది. ఆడగుర్రాలను అట్టే పెట్టుకున్నవాళ్లు గట్టెక్కారు. అమ్మేసుకున్నవాళ్లకు చిక్కు వచ్చింది. ఎక్కడో ఒక ముసలి ఆడగుర్రం దొరికినా, గిరాకీ లేక మగగుర్రాల తిరుగుడు చాలా దారుల్లో ఆగిపోయి ఉంది. ఎలాగో కట్టించినా పదకొండు నెలలు కడుపులో, మూడేళ్లు దొడ్లో. యుద్ధమే అంతకంటే ముందు అయిపోయేలా ఉందని లెక్క చూసుకుని, వాళ్లు రేషను కూపన్ల వరసలోనే నిలబడ్డారు.