సరిహద్దు దాటిన జెట్ స్కీ: వస్తు స్వేచ్ఛ, స్థానిక జలాలపై ఐరోపా న్యాయచర్చ (1993–2010)

వ్యాససంగ్రహం

వ్యక్తిగత జలవాహనం, అంటే వాడుకలో జెట్ స్కీ, దేశాల సరిహద్దులను సరుకుగా దాటుతుంది. దాటిన తరువాత స్థానిక జలాల్లో వాహనంగా మారుతుంది. ఈ రెండు రూపాల మధ్య ఏర్పడిన వైరుధ్యం స్వీడన్ ఉదాహరణలో స్పష్టంగా కనిపిస్తుంది. 1993 నాటి స్వీడన్ నిబంధన, దాని 2004 సవరణ, వాటిపై 2009లో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఈ వ్యాసానికి ప్రధాన ఆధారాలు. ఈ తీర్పు సాధారణంగా 'విపణి ప్రవేశం' అనే సూత్రానికి ఉదాహరణగా చర్చకు వస్తుంది. పరిపాలనా యంత్రాంగంపై అది మోపిన బాధ్యత కూడా అంతే ముఖ్యమైనదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వ్యక్తిగత జలవాహనం, స్వేచ్ఛా వాణిజ్యం, స్వీడన్, ఐరోపా న్యాయస్థానం, పర్యావరణ రక్షణ, వినియోగ నియంత్రణ.

1. ఉపోద్ఘాతం

నీటిపై నడిచే వాహనం రెండు విధాలుగా పరదేశం చేరవచ్చు. తన సొంత బలంతో ప్రయాణించి మరో దేశపు రేవులో లంగరు వేస్తే దాన్ని నౌకగా పరిగణిస్తారు. కంటైనరులోనో, లారీ వెనుక ట్రెయిలరుపైనో వస్తే అది సుంకాధికారి దృష్టిలో సరుకు మాత్రమే. జెట్ స్కీ దాదాపు ఎల్లప్పుడూ రెండవ మార్గంలోనే ప్రయాణిస్తుంది. అందువల్ల దాని చరిత్ర నౌకాయాన చరిత్ర కంటే వాణిజ్య చరిత్రకు దగ్గరగా ఉంటుంది.

అయితే ఈ సరుకుకు ఒక ప్రత్యేకత ఉంది. కొన్నవాడు దాన్ని ఇంట్లో వాడుకోలేడు. దానికి సరస్సో, నదో, సముద్రమో కావాలి. ఆ జలాలు పక్షులకు, చేపలకు, ఒడ్డున నివసించేవారికి, ఈతగాళ్లకు, జాలరులకు కూడా చెందినవి. సరుకు రాకను అడ్డుకోని దేశం దాని వాడకాన్ని అడ్డుకోవచ్చునా? అడ్డుకుంటే అది చాటుమాటు దిగుమతి నిషేధం అవుతుందా? ఐరోపాలో 1993 నుంచి 2010 వరకు సాగిన చర్చ ఈ ప్రశ్నల చుట్టూ తిరిగింది.

2. వాహనం పుట్టుక, వర్గీకరణ

నేటి జెట్ స్కీకి మూలరూపాన్ని 1960 దశకంలో అమెరికాకు చెందిన క్లేటన్ జేకబ్సన్ రూపొందించాడు. కెనడాకు చెందిన బొంబార్డియర్ సంస్థ 1968లో 'సీ-డూ' పేరుతో ఒక నమూనాను విపణిలోకి తెచ్చింది, కాని అది నిలదొక్కుకోలేదు. 1970 దశకం ఆరంభంలో జపాన్ సంస్థ కవాసాకి విడుదల చేసిన 'జెట్ స్కీ' విజయవంతమై, ఆ వ్యాపారనామమే వస్తువుకు సాధారణ నామంగా స్థిరపడింది. 1980 దశకంలో యమహా ఈ రంగంలో ప్రవేశించింది. 1988లో బొంబార్డియర్ సీ-డూను కొత్త రూపంలో తిరిగి తెచ్చింది. ఈ మూడు ప్రసిద్ధ సంస్థలూ ఐరోపా వెలుపలివే. కనుక ఐరోపా దేశాలకు ఈ వాహనం మొదటినుంచీ ప్రధానంగా సరిహద్దు దాటి వచ్చిన వస్తువు.

అదే 1988లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ సమన్వయ వర్గీకరణ వ్యవస్థలో 89వ అధ్యాయం నౌకలకు చెందినది. అందులోని 8903 శీర్షిక విహార, క్రీడా నౌకలకు కేటాయించినది. అంటే సుంకాల పట్టికలో జెట్ స్కీకి విహారనౌకల పక్కనే స్థానం దక్కింది. కాని సుంకాల పట్టిక చెప్పినదే ఇతర చట్టాలూ చెప్పాలన్న నియమం లేదు.

3. నౌక కాని నౌక: బ్రిటిష్ అనుభవం

ఈ అస్పష్టతకు బ్రిటన్ మంచి నిదర్శనం. 1992లో స్టీడ్‌మన్ వర్సెస్ స్కోఫీల్డ్ వ్యాజ్యంలో, ఒకచోటు నుంచి మరొకచోటికి క్రమబద్ధంగా ప్రయాణించడమే నౌకాయానమని, జెట్ స్కీ అందుకు ఉద్దేశించినది కాదు కనుక అది నౌక కాదని ఆంగ్ల న్యాయస్థానం నిర్ణయించింది. 2005లో గుడ్‌విన్ కేసులో అప్పీలు న్యాయస్థానం అదే దారిలో నడిచింది. ఫలితంగా, 1995 నాటి వాణిజ్య నౌకా చట్టంలో నౌకల ప్రమాదకర నిర్వహణకు సంబంధించిన శిక్షాస్మృతి జెట్ స్కీ నడిపేవారికి వర్తించకుండా పోయింది. ఈ లోపాన్ని ప్రత్యేక ఉత్తర్వు ద్వారా సరిదిద్దడానికి 2023 మార్చి 31 వరకు సమయం పట్టింది. సరుకుగా స్వేచ్ఛగా దిగుమతి అయిన వస్తువు నీటిపైకి వెళ్లాక ఏ చట్టం పరిధిలోకి వస్తుందో పద్దెనిమిదేళ్లపాటు తేలకపోవడం గమనార్హం.

4. స్వీడన్ నిబంధన

స్వీడన్ వేరొక మార్గం ఎంచుకుంది. సుమారు లక్ష సరస్సులు, వేలాది దీవులతో కూడిన బాల్టిక్ తీరం గల ఆ దేశంలో ప్రకృతిలో స్వేచ్ఛగా సంచరించే ప్రజాహక్కు చిరకాల సంప్రదాయం. ఆ ప్రశాంతతకు జెట్ స్కీ రొద భంగకరమైంది. 1993లో ప్రభుత్వం వ్యక్తిగత జలవాహనాల వినియోగంపై ఒక నిబంధన జారీ చేసింది. స్వీడన్ అప్పటికి యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం కాదు. సభ్యత్వం 1995 జనవరి 1న లభించింది. ఆ క్షణం నుంచి స్వదేశీ జలాల నియమం ఉమ్మడి విపణి నియమాల పరీక్షకు లోనయ్యే స్థితి ఏర్పడింది.

2004 జూలై 15న అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ఈ వాహనాలను సాధారణ నౌకామార్గాల్లోను, కౌంటీ పరిపాలనా మండళ్లు ప్రత్యేకంగా గుర్తించిన జలాల్లోను మాత్రమే నడపవచ్చు. ఇతర మానవ కార్యకలాపాల వల్ల ఇప్పటికే ప్రభావితమై, అదనపు అలజడి పెద్దగా లెక్కకు రాని జలాలను మండళ్లు తెరవాలి. అంటే నిషేధం సాధారణ నియమం, అనుమతి మినహాయింపు. ఉల్లంఘిస్తే జరిమానా.

సవరణ అమలైన మూడు వారాలకే, 2004 ఆగస్టు 8న, ఇద్దరు వ్యక్తులు నౌకామార్గం వెలుపల ఈ వాహనాలను నడిపారు. అప్పటికి మండలి ఏ జలాలనూ గుర్తించలేదు. ప్రాసిక్యూషన్ ఎదుర్కొన్న వారు, ఈ నిబంధన వస్తువుల స్వేచ్ఛా ప్రసారానికి విరుద్ధమని వాదించారు. లూలియో జిల్లా న్యాయస్థానం ఈ ప్రశ్నను ఐరోపా న్యాయస్థానానికి నివేదించింది. అది సి-142/05 సంఖ్యగల వ్యాజ్యం అయింది.

5. సిద్ధాంత నేపథ్యం

ఐరోపా సమాజ ఒప్పందంలోని 28వ అధికరణం దిగుమతులపై పరిమాణ ఆంక్షలను, వాటితో సమాన ఫలితమిచ్చే చర్యలను నిషేధించింది. ఈ 'సమాన ఫలితం' అనే మాటకు న్యాయస్థానం దశలవారీగా అర్థం చెప్పింది. 1974లో స్కాచ్ విస్కీకి సంబంధించిన డాసన్‌విల్ తీర్పు, వాణిజ్యాన్ని ప్రత్యక్షంగానో పరోక్షంగానో అడ్డుకోగల ఏ నియమమైనా ఈ నిషేధంలోకి వస్తుందని విశాలంగా నిర్వచించింది. 1979లో కాసిస్ దె దిజోన్ తీర్పు, ఒక దేశంలో చట్టబద్ధంగా తయారైన వస్తువును మరో దేశం సహేతుక కారణం లేకుండా తిరస్కరించరాదని నిర్ణయించింది. ఈ వైశాల్యం మితిమీరడంతో 1993 నాటి కెక్ తీర్పు, వివక్ష లేని అమ్మకపు పద్ధతులను 28వ అధికరణం పరిధి నుంచి తొలగించింది.

ఈ తీర్పులన్నీ వస్తువు తయారీ, అమ్మకాల చుట్టూ తిరిగాయి. కొన్న తరువాత వాడకాన్ని నియంత్రించే చట్టం వీటిలో ఏ గూటికి చెందుతుందో తేలలేదు.

వాహన నిర్మాణానికి సంబంధించిన ఉమ్మడి నియమాలు కూడా దీనికి జవాబు ఇవ్వలేదు. 1994 నాటి విహారనౌకల ఆదేశం మొదట జెట్ స్కీలను మినహాయించింది. 2003 సవరణ వాటిని చేర్చి, నాలుగు మీటర్ల లోపు పొడవు, నీటిధార పంపుతో చలనం, మనిషి లోపల కాక పైన కూర్చొని లేదా నిలబడి లేదా మోకరిల్లి నడిపే నిర్మాణం అనే లక్షణాలతో నిర్వచించింది. అయితే పర్యావరణం కోసం కొన్ని జలాల్లో నౌకాయానాన్ని నియంత్రించే అధికారాన్ని, వాహన నిర్మాణంలో మార్పు కోరనంతవరకు, సభ్యదేశాలకే వదిలింది.

6. కోకోట్ అభిప్రాయం, ట్రెయిలర్ల తీర్పు

అడ్వకేట్ జనరల్ యూలియానె కోకోట్ 2006 డిసెంబరు 14న తన అభిప్రాయం వెలువరించారు. కెక్ సూత్రాన్ని వాడక నియమాలకూ విస్తరించాలని, అయితే వాడకం పూర్తిగా లేదా దాదాపుగా అసాధ్యమైనప్పుడు ఆ రక్షణ వర్తించరాదని ఆమె సూచించారు.

అదే సమయంలో ఇటలీపై మరో వ్యాజ్యం నడుస్తున్నది. మోటారు సైకిళ్లు ట్రెయిలర్లను లాగరాదన్న ఇటలీ నిషేధం అందులో వివాదాంశం. ఆ వ్యాజ్యంలో ఇద్దరు అడ్వకేట్ జనరళ్లు వేర్వేరు కాలాల్లో (2006, 2008) అభిప్రాయాలు సమర్పించారు. ప్రశ్న ఎంత క్లిష్టమైనదో దీనివల్ల తెలుస్తుంది. 2009 ఫిబ్రవరి 10న వెలువడిన తీర్పు కెక్ విస్తరణను స్వీకరించలేదు. మోటారు సైకిళ్ల కోసమే తయారైన ట్రెయిలరును వాడే వీలు లేదని తెలిసిన కొనుగోలుదారుకు దానిపై ఆసక్తి ఉండదు కనుక ఆ నిషేధం విపణి ప్రవేశాన్ని అడ్డుకుంటుందని పేర్కొంది. అయితే రహదారి భద్రత కారణంగా దాన్ని సమర్థించింది.

7. 2009 జూన్ 4 తీర్పు

స్వీడన్ కేసులో న్యాయస్థానం ఇదే తర్కాన్ని అనుసరించింది. సాధారణ నౌకామార్గాలు భారీ వాణిజ్య నౌకలవి కనుక అక్కడ జెట్ స్కీ నడపడం ప్రమాదకరమని, మిగిలిన జలాలు మూతపడ్డాయని నిందితులు, ఐరోపా కమిషన్ వాదించారు. వాహనాన్ని దాని సహజ ప్రయోజనానికి వాడుకోలేని స్థితి ఏర్పడితే అది విపణి ప్రవేశాన్ని అడ్డుకోవడమేనని న్యాయస్థానం అంగీకరించింది. వాస్తవ స్థితిని తేల్చే పని జాతీయ న్యాయస్థానానికి వదిలింది.

తరువాత సమర్థన భాగం. పర్యావరణాన్ని, మానవ, జంతు, వృక్ష ఆరోగ్యాన్ని కాపాడేందుకు ఈ పరిమితి తగిన సాధనమేనని, సులభంగా అమలు చేయదగిన సాధారణ నియమాన్ని దేశపు భౌగోళిక పరిస్థితుల దృష్ట్యా ఎంచుకోవచ్చునని తీర్పు చెప్పింది. కాని మూడు షరతులు విధించింది: జలాలను గుర్తించడం అధికారుల విధి కావాలి, వారు ఆ అధికారాన్ని వాస్తవంగా వినియోగించాలి, నియమం అమలైన తరువాత సహేతుక కాలంలోనే ఆ పని జరగాలి. మూడు వారాల్లో పూర్తికాకపోయినంత మాత్రాన నిబంధన చెల్లకుండా పోదని కూడా స్పష్టం చేసింది. 2010 ఏప్రిల్ 15న మరో స్వీడన్ వ్యాజ్యంలో (సి-433/05) ఇదే వైఖరి పునరుద్ఘాటితమైంది.

8. పరిశీలన

కొనుగోలుదారు ఆసక్తి తగ్గుతుందన్న ప్రమాణం ప్రమాదకరంగా సాగే గుణం గలది. రాత్రివేళ శబ్దాన్ని పరిమితం చేసే నియమం, వేగపరిమితి, పట్టణంలో వాహన నిషేధం కూడా కొంత ఆసక్తిని తగ్గిస్తాయి. ఏ మేరకు తగ్గితే అది విపణికి అడ్డంకి అవుతుందో తీర్పు కొలమానం ఇవ్వలేదు. కోకోట్ సూచనలో ఆ హద్దు కొంత స్పష్టంగా ఉండేది.

మరోవైపు, సమర్థన భాగం స్థానిక జలాలకు నిజమైన రక్షణ ఇచ్చింది. నిషేధాన్ని సాధారణ నియమంగా ఉంచుకొనే హక్కును స్వీడన్ నిలబెట్టుకుంది. ప్రతిఫలంగా ఆ దేశ యంత్రాంగం మౌనంగా కూర్చొనే వీలును కోల్పోయింది. చట్టం కాగితంపై అనుమతికి చోటిచ్చి, అధికారి ఆ చోటును ఎన్నటికీ చూపకపోతే, ఆ నిష్క్రియ కూడా సరిహద్దు వద్ద నిలిపిన గేటుతో సమానమేనని షరతుల సారాంశం. సిద్ధాంత చర్చలో మరుగునపడిన అంశం ఇదే.

9. ముగింపు

* జెట్ స్కీ సుంకాల పట్టికలో విహారనౌకల వరుసలో, బ్రిటిష్ నౌకా చట్టంలో నౌకల పరిధికి వెలుపల, స్వీడన్ నిబంధనలో నియంత్రించవలసిన వాహనంగా నిలిచింది. ఒకే వస్తువు గుర్తింపు చట్టాన్ని బట్టి మారింది.
* 2009 నాటి రెండు తీర్పులతో, వస్తువు వాడకంపై నియంత్రణ కూడా దాని రాకపై నియంత్రణగా పరిగణన పొందగలదన్న సూత్రం ఐరోపాలో స్థిరపడింది.
* పర్యావరణ రక్షణకు సాధారణ నిషేధం చెల్లుతుంది, కాని మినహాయింపులను సకాలంలో అమలు చేసే బాధ్యత దానితోపాటే వస్తుంది.
* ఒప్పందపు 28, 30 అధికరణాలు 2009 డిసెంబరు 1 నుంచి 34, 36గా మారాయి. సంఖ్యలు మారినా, సరుకుకు ఉన్న స్వేచ్ఛకు, నీటిపై స్థానికులకున్న హక్కుకు మధ్య హద్దు గీసే ప్రశ్న ప్రతి కొత్త వాహనంతోనూ తిరిగి తలెత్తుతుంది.