టేకు పక్కన మద్ది: వడ్ల బల్ల ఎట్లా పుట్టింది

జనగామ, మానుకోట, భూపాలపల్లి పల్లెల్లో పాతతరం వడ్లాయనకు ఎత్తు బల్ల ఉండేది కాదు. చెట్టు నీడలో ఒక మొద్దు, చుట్టూ పేళ్లు, చేతికందే దూరంలో బాడిశ, రంపం, ఉలులు, కొడతి. ఆయన నేలమీదే కూర్చునేవాడు. చెక్కను మడమతో తొక్కిపట్టి, అంచును కాలివేళ్లతో అదిమి, రెండు చేతులనూ పనిముట్టుకు ఇచ్చేవాడు. ఇనుప బైసు చేసే పని ఆయన కాళ్లే చేసేవి.

ఈ పద్ధతిని చూసిన తెల్లదొరలు కొందరు వెనుకబాటుతనం అనుకున్నారు. నా లెక్కలో అది తెలివైన ఏర్పాటు. వడ్రంగికి బల్ల ఎందుకంటే చెక్క కదలకుండా ఉండటానికి, బల్ల తాను కదలకుండా ఉండటానికి. నేలను మించి బరువైన బల్ల ఎవరు చేయగలరు? కూర్చుని పనిచేసేవాడికి పనిముట్లు కూడా అట్లాగే కుదిరాయి. మన పాత రంపాలకు పళ్లు పిడివైపు వాలి ఉండేవి. లాగితే కోసేవి. నేలమీద కూర్చున్నవాడి బలమంతా లాగడంలోనే ఉంటుంది మరి. జపాన్ వడ్రంగులూ ఇదే దారిన నడిచారు. నాగలి, బండి, కాడి, ద్వారబంధం, ఇంటి దూలం, అన్నీ ఆ నేలమీదే తయారయ్యాయి.

చిక్కు వచ్చేది రందా దగ్గర. ఆరడుగుల పలకను ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే ఊపులో చిత్రిక పట్టాలంటే నడుము బలం కావాలి, అడుగు ముందుకు పడాలి. కూర్చున్నవాడికి చేయి సాగినంత మేరే సాగుతుంది. అందుకే రందా పని ఎక్కువగా సాగినచోట బల్ల పైకి లేచింది.

రోమన్లకు రందా ఉంది, బల్లా ఉంది. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కప్పేసిన హెర్క్యులేనియం పట్టణంలో ఒక గోడ బొమ్మ బయటపడింది. రెక్కల పసివాళ్లు ఇద్దరు బల్ల దగ్గర రంపం పట్టిన బొమ్మ అది. చెక్కను బల్లకు అదిమిపట్టడానికి ఒక వంపు ఇనుప కడ్డీ అందులో కనిపిస్తుంది. జర్మనీలోని జాల్‌బుర్గ్ రోమన్ కోట బావుల్లో అసలు బల్లలే దొరికాయి. మోకాలెత్తుకు మించని పొట్టి బల్లలు. చెక్కమీద కూర్చుని పనిచేసే బల్లలంటే నేలకూ ఎత్తు బల్లకూ నడుమ మజిలీ అన్నమాట.

మర బైసు రావడానికి మరో వెయ్యేళ్లకు పైగా పట్టింది. న్యూరెంబర్గ్‌కు చెందిన మార్టిన్ లోఫెల్‌హోల్జ్ 1505లో గీయించిన బొమ్మల పుస్తకంలో మర తిప్పి చెక్కను బిగించే బల్ల కనిపిస్తుంది. కాలివేళ్ల పని మరచుట్టుకు దక్కింది.

అసలు మలుపు పారిస్‌లో. ఆండ్రే జాకబ్ రూబో అనే వడ్రంగి 1769 నుంచి కొన్నేళ్లపాటు తన పనినంతా పెద్ద సంపుటాలుగా అచ్చువేశాడు. ఆయన పండితుడై వడ్రంగం గురించి రాసినవాడు కాదు, వడ్రంగిగా పనిచేస్తూ రాసినవాడు. అందుకే బల్ల గురించిన పేజీలు ఇప్పటికీ చెల్లుతున్నాయి. బల్లపై పలక అయిదారు అంగుళాల మందం ఉండాలన్నాడు. అది బీచ్ కర్రతోనో ఎల్మ్ కర్రతోనో ఉండాలి. కాళ్లు మాత్రం ఓక్ కర్రతో చేయాలి. ఒకే బల్లకు రెండు జాతుల గట్టి కర్రలు. రంగు కోసం కాదు సుమా. పైపలక దెబ్బలు తినేది, కాళ్లు బరువు మోసేది. ఎవరి పనికి తగిన కర్ర వాళ్లకు.

ఈ మాట మన వడ్లాయనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎడ్లబండిని విప్పి చూస్తే అది అడవి జాబితాలా ఉంటుంది. చక్రం గుంతల్లో పడి లేచేది కాబట్టి దానికి ఎక్కువగా నల్లతుమ్మ వాడేవాళ్లు. ఎద్దు మెడమీద పడే కాడికి తేలిక కర్ర చూసేవాళ్లు. రోకలికి చండ్ర. భూపాలపల్లి బొగ్గు బావుల్లో కప్పుకింద కొయ్య నిలబెట్టే రోజుల్లో దానికి ఇంకో పరీక్ష ఉండేది. బరువు మోయడం ఒక్కటే చాలదు, విరిగేముందు కిర్రుమని చెప్పాలి. ఎక్కడ ఏ కర్ర అన్న విద్య ఇక్కడ దండిగా ఉంది. లేనిదల్లా ఎత్తు బల్లే.

అది మనకు ఎక్కువగా కార్ఖానాల దారిలో వచ్చింది. జనగామ, మానుకోట ఊళ్ల మీదుగా పోయే నిజాం రైలుమార్గం 1880ల్లో పడింది. ఆ కాలపు రైలు పెట్టెలంటే సగానికి పైగా టేకు పనే. 1893లో సికింద్రాబాద్ పక్కన లాలాగూడ రైల్వే వర్క్‌షాపు మొదలైంది. నిలబడి పనిచేసే వడ్రంగం అట్లాంటి షెడ్లలో అలవాటైంది. 1950లో మొదలైన వృత్తి శిక్షణ పథకంతో ఐటీఐల్లోకి, కార్పెంటర్ ట్రేడ్‌లోకి బల్ల, బైసు వచ్చాయి. ఊళ్లోని వడ్ల కొట్టందాకా మాత్రం అది పూర్తిగా చేరలేదు. కరెంటు రందా, కోత మిషను వచ్చాక చాలామంది నేలనుంచి నేరుగా మిషను దగ్గరికి వెళ్లిపోయారు. మధ్యలో బల్ల మెట్టు దాటిపోయింది.

ఇక చారలు. ఇప్పుడు వడ్రంగం ఇష్టపడేవాళ్లు మక్కువగా చేసుకునే బల్లల్లో లేతరంగు బద్ద పక్కన ముదురురంగు బద్ద, మళ్లీ లేత, మళ్లీ ముదురు కనిపిస్తాయి. అమెరికాలో మేపుల్ పక్కన వాల్‌నట్. క్రిస్టఫర్ ష్వార్జ్ 2007లో బల్లల మీద పుస్తకం రాసి రూబోను మళ్లీ వెలుగులోకి తెచ్చాక ఇవి ఎక్కువయ్యాయి. చూడటానికి ఇది షోకు అనిపిస్తుంది. దీని పుట్టుక లేమిలో ఉంది.

రూబో చెప్పిన పలక ఒకే మానునుంచి కోసింది. రెండడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం, తొమ్మిదడుగుల పొడవు. ఇవాళ అట్లాంటి మాను దొరకదు, దొరికినా ఆరడానికి ఏళ్లు పడుతుంది. దాంతో సన్న బద్దలను పక్కపక్కన అతికించి మందపు పలక చేయడం మొదలైంది. ఒకే జాతి బద్దలు చాలకపోతే చేతిలో ఉన్న వేరే జాతిని కలిపారు. చారలు అట్లా వచ్చాయి.

అతికించడానికి బంక కావాలి కదా. ఒకప్పుడు తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన సరేసు ఉండేది. పొయ్యిమీద కాచాలి, వేడిమీదే పూయాలి, వానాకాలం చెమ్మకు పట్టు వదిలేది. 1959లో బల్వంత్ పరేఖ్ కంపెనీ ఫెవికాల్ తెచ్చింది. చల్లగానే పూయొచ్చు. మన వడ్రంగాన్ని ఆ తెల్ల డబ్బా మార్చినంతగా మరే కరెంటు మిషనూ మార్చలేదని నా నమ్మకం. పదమూడు బద్దలను ఒకే పూట ఒక్క పలకగా బిగించే ధైర్యం దానివల్లే వచ్చింది.

ఇప్పుడు ఈ మూడు జిల్లాల కర్రతో అట్లాంటి బల్ల ఎట్లా కుదురుతుందో చూద్దాం. గోదావరి ఒడ్డున మహదేవపూర్ అడవుల టేకు పేరున్నది. ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది. నల్లమద్ది సుమారు 850 కిలోలు. గట్టిదనంలో టేకుకు రెట్టింపు. ఒకటి తేనెరంగు, ఇంకొకటి ముదురు గోధుమరంగులో నల్లచారలు. పొలం గట్లమీద నల్లతుమ్మ ఉండనే ఉంది. జనగామ వైపు మెట్టపొలాల్లో మరీ ఎక్కువ.

ఏడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం అనుకుంటే పైపలక దాదాపు 4.7 ఘనపుటడుగులు (సీఎఫ్‌టీ). అంతా టేకైతే 86 కిలోలు. అంతా మద్దైతే 112. బల్లకు బరువు కావాలి, కాబట్టి మద్దే మేలనిపిస్తుంది. కానీ పూర్తి మద్ది పలకమీద టేకు తలుపు పలకను బోర్లిస్తే, మధ్యన ఒక ఇసుకరేణువు ఉన్నా దెబ్బ తగిలేది మెత్తనైన పలకకే, అంటే చేస్తున్న పనికే. పైగా మద్ది కోసేటప్పుడు రంపాన్ని ఏడిపిస్తుంది, ఆరేటప్పుడు పగులుతుంది. 2024 మార్చిలో పాపికొండల అడవిలో అటవీ అధికారులు మద్ది బెరడుకు గాటు పెడితే నీళ్లు ధారగా చిమ్మాయి. ఆ వీడియో చాలామంది చూసే ఉంటారు. కోసిన మద్దిని ఎండలో పడేస్తే బద్ద బద్దకూ చీలిక పడుతుంది. నీడలో, మధ్యన పట్టీలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి ఓపికపట్టాలి.

అందుకని కలిపి వాడటమే దారి. రెండంగుళాల బద్దలు రందా పట్టాక కొంచెం తగ్గుతాయి కాబట్టి 13 బద్దలకు రెండడుగుల వెడల్పు వస్తుంది. ఏడు మద్ది, ఆరు టేకు. రెండు అంచులూ మద్దివే, ఎందుకంటే రంపం తగిలేదీ, బైసు ఒత్తేదీ అంచునే. కాళ్లకు నల్లతుమ్మ గానీ మద్ది గానీ. కాళ్లకూ అడ్డపట్టీలకూ కుసి, బెజ్జం పనే కావాలి. మేకులు, స్క్రూలు రందా ఊపుకు నెమ్మదిగా వదులవుతాయి.

రెండు జాతులను పక్కపక్కన కట్టేస్తే ఒక గొడవ ఉంది. కర్ర చెమ్మకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. మన దగ్గర ఏప్రిల్ గాలికీ ఆగస్టు గాలికీ ఎంత తేడానో తలుపులు బిగుసుకునే ఇండ్లవాళ్లకు తెలుసు. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి వలయాల వెంబడి 5.3 శాతం, వలయాలకు అడ్డంగా 2.6 శాతం ముడుచుకుంటుంది. మద్ది అంతకన్నా ఎక్కువ. ఇక్కడే బద్దల పద్ధతిలోని కిటుకు. మామూలుగా కోసిన పలకను బద్దలు చేసి, ఒక్కో బద్దను తొంభై డిగ్రీలు తిప్పి నిలబెట్టి అతికిస్తే, ఎక్కువ ముడుచుకునే వైపు మందంలోకి పోతుంది. తక్కువ ముడుచుకునే వైపు వెడల్పులోకి వస్తుంది. బల్ల వెడల్పు కదలిక సగానికి దిగుతుంది. మందంలో వచ్చే తేడా మద్ది బద్దలను వెంట్రుకవాసి పైకి లేపితే ఏడాదికోసారి రందా పడితే సరి. టేకులో సహజమైన నూనె ఉంటుంది, అది బంకను పట్టనీయదు. రందా పట్టిన వెంటనే అతికించాలి, రాత్రి ఆగితే పట్టు తగ్గుతుంది. టేకులో సిలికా కూడా ఉంటుంది కాబట్టి ఉలికి మాటిమాటికీ సాన పెట్టాల్సిందే.

బిగింపు సామాను కోసం దూరం పోనక్కర్లేదు. హెర్క్యులేనియం బొమ్మలోని వంపు కడ్డీని ఊరి కమ్మరి ముప్పావు అంగుళం ఇనుప చువ్వతో వంచి ఇస్తాడు. పలకకు బెజ్జం వేసి, కడ్డీ దింపి, తలమీద ఒక దెబ్బ వేస్తే అది ఒరిగి బిగుసుకుని చెక్కను అదిమి పడుతుంది. వెనకనుంచి తడితే వదులుతుంది. మరా లేదు, చుట్టూ లేదు. రందాకు ఎదురు నిలిచే చిన్న కట్టెలను ఇత్తడితో చేయిస్తే మంచిది. పొరపాటున రందా ఆకు తగిలినా పదును పెద్దగా పోదు. జనగామ పక్కనే ఇత్తడి పనికి పేరుమోసిన పెంబర్తి ఉంది, 2010లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే పెంబర్తివాళ్లది రేకు పని, ఈ కట్టెలకు లేత్ మిషను దగ్గరికే పోవాలి. వాళ్ల దగ్గర చూడాల్సింది వేరే ఉంది. రేకు జరగకుండా, దెబ్బకు లొంగేలా దాన్ని లక్క పరుపుమీద అంటించి నకాషీ కొడతారు. పనిని పట్టి ఉంచే ఉపాయం ప్రతి వృత్తిలో మొదటి ఆవిష్కరణ అని అక్కడ ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది.

కర్ర ఎక్కడిది అన్నదే చివరి ప్రశ్న, అదే కష్టమైనది. సొంత పొలంలో టేకు కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీశాఖ అనుమతి తప్పదు. 1996 డిసెంబర్ 12న అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తర్వాత కోత మిల్లుల మీదా పట్టు బిగిసింది. జిట్రేగి మీద, అంటే రోజ్‌వుడ్ మీద, 2017 నుంచి అంతర్జాతీయ వ్యాపార ఆంక్షలున్నాయి. కేంద్రం 2023 సెప్టెంబర్ 17న మొదలుపెట్టిన విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయలు దొరుకుతాయి. ఆ డబ్బుతో ఉలి, రందా కొనుక్కోవచ్చు. బల్ల మాత్రం చేసుకోవాల్సిందే.

కొత్తగా చెట్టు కొట్టనక్కర్లేని, పగుళ్ల భయంలేని, యాభై అరవై ఏళ్లుగా ఆరిన కర్ర ఒకటుంది. అది మన పాత పెంకుటిండ్ల దూలాలు, వాసాలు, గడపల్లో ఉంది. ఈ మూడు జిల్లాల్లో ఆ ఇండ్లు ఒక్కొక్కటే కూలి స్లాబు ఇండ్లవుతున్నాయి. ఆ టేకు, ఆ మద్ది సగం పొయ్యిలోకే పోతోంది. బల్లకు కావాల్సింది పెద్ద మాను కాదు, నాలుగంగుళాల వెడల్పున్న బద్దలు. మీ ఇంటి దూలం దింపుతుంటే కట్టెల బేరగాడికి తూకానికి వేసేముందు ఒక్కసారి వడ్లాయనకు చూపించండి. మేకులు పీకించి, రెండంగుళాల బద్దలుగా కోయించి, గోడకు ఆనించి పెట్టండి. మీకు పనికిరాకపోతే దగ్గరి ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ పిల్లలకు పనికొస్తుంది.