కొటేషన్ గుర్తుల వంకర చరిత్ర

వర్డ్ డాక్యుమెంట్‌లో ఎవరో రాసిపెట్టిన నాలుగు లైన్ల పైథాన్‌ని ఎడిటర్‌లో పేస్ట్ చేస్తే మొదటి లైన్‌లోనే సింటాక్స్ ఎర్రర్. చూడబోతే తప్పేమీ కనిపించదు. కొటేషన్ గుర్తుని పరీక్షగా చూస్తే దొరుకుతుంది. నిటారుగా ఉండాల్సింది కాస్త వంగి ఉంటుంది. రాస్తున్నప్పుడే వర్డ్ తనంతట తాను " తీసేసి “ పెట్టేసింది. దీన్ని మనం వర్డ్ అతితెలివిగా తిట్టుకుంటాం కానీ, చరిత్ర చూస్తే దాని వైపూ కొంత న్యాయం ఉంది.

ఇంగ్లీషు అచ్చు పుస్తకాల్లో తెరిచే గుర్తు వేరు, మూసే గుర్తు వేరు. ఆ రెంటినీ ఒకటి చేసింది టైప్‌రైటర్. చాలా మోడళ్ళలో 1 అంకెకే కీ ఉండేది కాదు, చిన్న 'ఎల్' కొట్టి సరిపెట్టుకునేవాళ్ళు. ఇక కొటేషన్‌కి రెండు కీలు ఎవరిస్తారు? 1963లో వచ్చిన ఆస్కీ ఉన్నవే 128 స్థానాలు కాబట్టి ఆ పిసినారితనాన్ని అలాగే కొనసాగించింది. 34వ నంబరులో నిటారు గుర్తు కూర్చుంది.

ఇది ఇలాగే జరగాలని ఏమీ లేదు. 1957 నాటి ఫోర్ట్రాన్‌లో అసలు కొటేషన్లే లేవు. అక్షరాలు లెక్కపెట్టి, ఆ సంఖ్య, పక్కన 'హెచ్', తర్వాత మాట రాయాలి. ఆల్గాల్ 60 రిపోర్టు అచ్చు సంప్రదాయం వైపే నిలబడింది. తెరిచేది వేరు, మూసేది వేరు కాబట్టి బ్రాకెట్లలాగా ఒక స్ట్రింగ్‌లో ఇంకోటి ఇమిడిపోయేది. అయితే ఆ గుర్తుల్ని ఏ యంత్రం మీద ఎలా కొట్టాలన్నది మాత్రం యంత్రాలవాళ్ళకే వదిలేశారు. చివరికి కీబోర్డే గెలిచింది.

1970ల్లో సి వచ్చేసరికి తెరిచినా మూసినా ఒకటే గుర్తు. మరి స్ట్రింగ్ లోపల కొటేషన్ కావాలంటే? ముందు ఒక బ్యాక్‌స్లాష్ తగిలించాలి. ఈ బ్యాక్‌స్లాష్ కథ నాకు భలే ఇష్టం. బాబ్ బీమర్ దాన్ని ఆస్కీలోకి తెచ్చింది, ఆల్గాల్‌లోని 'అండ్', 'ఆర్' గుర్తుల్ని /\, \/ అని కట్టుకోడానికి. ఆల్గాల్ కోసం వచ్చిన గుర్తు, ఆల్గాల్ పద్ధతి ఓడిపోవడం వల్ల వచ్చిన ఇబ్బందిని మోస్తోంది!

పోయిన అచ్చు అందాన్ని వర్డ్‌లాంటి ప్రోగ్రాములు తిరిగి తెద్దామనుకున్నాయి. వాటి సూత్రం చిన్నది: ముందు ఖాళీ ఉంటే తెరిచే గుర్తు, అక్షరం ఉంటే మూసే గుర్తు. అంతకుముందే డొనాల్డ్ కనూత్ తన టెక్‌లో ఈ ఊహలేవీ పెట్టుకోలేదు. రాసేవాళ్ళే రెండు బ్యాక్‌టిక్‌లతో తెరిచి, రెండు అపాస్ట్రఫీలతో మూయాలి. విసుగే, కానీ నా ఓటు కనూత్‌కే. రాస్తున్నది ఉత్తరమో ప్రోగ్రామో తెలిసేది రాసేవాళ్ళకి. 2017లో ఐఓఎస్ 11తో ఫోన్లకీ ఈ తెలివి వచ్చింది. రెండు హైఫన్లు కొడితే పొడవాటి డ్యాష్ అయిపోతుంది, మెసేజ్‌లో పంపిన కమాండ్ చచ్చూరుకుంటుంది.

మైక్రోసాఫ్ట్‌లోనే తయారైన పవర్‌షెల్ దీంతో రాజీపడిపోయింది. వంకర గుర్తైనా నిటారు గుర్తైనా దానికొకటే. పేస్ట్ చేసిన కోడ్ నడుస్తుంది. కానీ నిటారు గుర్తుల మధ్య పెట్టిన వాక్యంలో ఏదో ఒక మాటకి వంకర గుర్తులు ఉన్నాయనుకోండి, స్ట్రింగ్ అక్కడే ముగిసిపోతుంది, మళ్ళీ సింటాక్స్ ఎర్రర్.