పురిటింటి నిద్ర

పాలేరు, మునియేరు కృష్ణవేణిని చేరు సీమ, బేతవోలను ప్రాచీన గ్రామమునకు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిడి పట్టణముగా తీర్చిన జగ్గయ్యపేటయు, హైదరాబాదు నుండి బెజవాడకు పోవు బాటపై నెలకొన్న నందిగామయు ముఖ్యస్థానములుగా గల పూర్వపు కృష్ణామండలపు మెట్టప్రాంతము, 1882లో జేమ్స్ బర్జెస్ ధనంబోడు దిబ్బను త్రవ్వించి బౌద్ధస్తూపమును వెలికిదీసిన నాటినుండియు చరిత్రకారుల దృష్టి నాకర్షించుచునే యున్నది. రాజుల దానములు, శిల్పుల పేరులు, శాసనముల లిపి పండితులచే పరిశీలింపబడినవి. అదే నేలపై ప్రతి ఇంట పురిటిగది తలుపుల వెనుక తరతరములుగా నడచిన చరిత్ర మాత్రము నాలుకలపైననే నిలిచి, నాలుకలతోనే అంతరించుచున్నది. ఆ చరిత్రలో ఒక చిన్న ప్రశ్న కలదు: పాలు త్రావవలసిన వేళ పసికందు నిద్రించుచుండినచో లేపవలెనా, లేపరాదా? గడచిన నూఱేండ్లకు పైబడిన కాలములో ఈ ప్రశ్నకు ఈ సీమ మూడు సమాధానములు విన్నది. ఒక్కొక్క సమాధానము వెనుక ఒక్కొక్క లోకమున్నది.

ఇండ్లను తెలిసికొనుటకు ముందు నేలను తెలిసికొనవలెను. 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తికాగా దిగువ డెల్టా మాగాణియై పచ్చబడినది. ఎగువనున్న నందిగామ తాలూకాకు ఆ నీరు ఎక్కకపోవుటచే, 1967లో నాగార్జునసాగరము ప్రారంభమై ఎడమకాలువ పాఱువఱకును ఇచ్చటి రైతులకు జొన్న, కంది, మిరప, ప్రత్తి వంటి మెట్టపైరులే ఆధారములు. కలుపు తీయుట, కాయ కోయుట, ప్రత్తి ఏరుట స్త్రీల పనులు. కడుపుతోనున్న కూలితల్లి నొప్పులు తోచునంతవఱకు చేనిలోనే యుండెడిది. ప్రసవించిన పిమ్మట ఆమె నడుము వాల్చుటకు దొరకునవి పురిటిదినములే. కావున పురిటిగదిలో నిద్ర యనునది బిడ్డకే గాక తల్లికిని లభించు అపురూపమైన భాగ్యమై, ఆ నిద్రను కాపాడుట పెద్దల ధర్మముగా స్థిరపడినది.

కలిగిన ఇంటనైనను లేని ఇంటనైనను ఆ గది పద్ధతి ఇంచుమించు ఒక్కటే. తొలికాన్పు పుట్టింట జరిగెడిది. పెత్తనము అమ్మమ్మది, హస్తవాసి మంత్రసానిది. బొడ్డుకోసి, స్నానము చేయించి, బిడ్డను చేటలో మెత్తని పాతబట్టపై పరుండబెట్టెడివారు. తేనె నాకించి, ఆముదపు చుక్క నోట వేసెడివారు. ముర్రుపాలు బిడ్డకు పడవని పిండి పాఱబోసి, మూడవనాటికి పాలు తెల్లబడిన పిదపనే చన్ను అందించుట పెక్కు ఇండ్ల ఆచారము. ఆ నడుమ మఱియొక బాలింత పాలో, ఉగ్గుగిన్నెతో చక్కెరనీరో ఆకలి తీర్చెడివి. దినదినమును అమ్మమ్మ పీటపై గూర్చుండి, కాళ్లు చాచి, వానిపై బిడ్డను పరుండజేసి, నలుగుపెట్టి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగవేసి, పొత్తిళ్లలో చుట్టి తల్లి ప్రక్కకు చేర్చగా, ఆ పసికందు ఝాములకొలది గాఢముగా నిద్రించెడిది. అప్పుడు ఆ ఇంట వినబడు కట్టడ యిది: నిద్రించు బిడ్డను లేపరాదు, నిద్రలోనే పెరుగుదల యున్నది, ఆకలైనచో తానే యేడ్చును.

ఈ కట్టడకు మూలము కేవలము గ్రామ్యవిశ్వాసమని తలచుట పొరపాటు. సుశ్రుతసంహిత శారీరస్థానమున పదియవ అధ్యాయము, గర్భిణి చర్యతో మొదలై శిశుపాలనము వఱకు విస్తరించినది. అందు బిడ్డను సుఖముగా ఎత్తుకొనవలెననియు, బెదరింపరాదనియు, అదరిపడునట్లు హఠాత్తుగా నిద్రలేపరాదనియు స్పష్టముగా చెప్పబడినది. ఆ అధ్యాయమే, ప్రసవించిన మూడు నాలుగు రాత్రుల పిదప స్తన్యము ప్రవర్తించుననియు, అంతవఱకు తేనె, నేయి మున్నగువానిని బిడ్డకు ఈయవలెననియు విధించినది. మెట్టసీమ అమ్మమ్మ ఆ గ్రంథమును చదివి యుండదు. కాని వైద్యుని నోటినుండి ఇల్లాలికి, ఇల్లాలినుండి మంత్రసానికి ఆ రెండు విధులును దిగివచ్చి, దారిలో కొంత మాఱినవి. సుశ్రుతుడు వారించినది అదరిపాటును. ఇండ్లలో నిలిచినది లేపుటపైననే నిషేధము. మెల్లగా తాకి, పలుకరించి, పాలిచ్చుటను ఆ గ్రంథము ఎచ్చటను కాదనలేదు.

ఐనను పాత కట్టడ బహుకాలము నిలుచుటకు బలమైన కారణమున్నది. బిడ్డ తల్లి చాపపైననే, తల్లి రొమ్మునకు జానెడు దూరమున పరుండెడిది. అది కదలినను, పెదవులు చప్పరించినను, పిడికిలి నోటికి తెచ్చుకొనినను తల్లికి మెలకువ వచ్చెడిది. ఇరువురును సగము నిద్రలోననే పాల పని ముగించుకొనెడివారు. రాత్రి ఎన్నిమాఱులు పాలిచ్చినదో ఏ తల్లియు లెక్కించి యెఱుగదు. నెలలు నిండి, బరువుతో పుట్టి, చురుకుగా చీకు బిడ్డకు ఇంతకు మించిన యేర్పాటు లేదు. ఏడుపు ఆకలికి తుదిగుర్తు గాని తొలిగుర్తు కాదని నేటి శిశువైద్యులు చెప్పుదురు. ఆ తొలిగుర్తులను పట్టుకొను అవకాశము ఆ చాపపైనున్న తల్లికి సహజముగానే లభించినది.

ఆ యేర్పాటు చేయిచ్చినది ఎవరికనగా, మాసములు నిండకయే పుట్టినవారికి, బక్కపలుచని వారికి, ఒడలు పచ్చబడిన వారికి. అట్టి శిశువు ఆకలిగొన్నను ఏడువదు. పాలు తగ్గినకొలది నెత్తుటిలో చక్కెర తగ్గి మఱింత మగతలో పడును. కామెర్లు ముదిరినకొలది నిద్ర ముదురును. నిద్ర ముదిరినకొలది పాలు తగ్గి, మలవిసర్జనము ద్వారా వెలువడవలసిన పసుపుపదార్థము లోననే నిలిచి కామెర్లను హెచ్చించును. ఈ విషవలయములో చిక్కిన బిడ్డను జూచి, బంగారు బిడ్డ, ఏడుపే యెఱుగడని ఇరుగుపొరుగు మెచ్చుకొనుట ఎంతటి దారుణము! అడగనిదే అమ్మయినను పెట్టదను సామెత మన నోట నిత్యము నానుచున్నదే. అడుగలేని వానికి అడుగకయే పెట్టవలసిన ఘడియ ఒకటి కలదని తెలియక ఎన్ని ఇండ్లు గర్భశోకమును చవిచూచినవో!

ఆ శోకమునకు ఈ సీమలోని సుప్రసిద్ధ గృహమొకటి సాక్షి. మునియేటి యొడ్డున తిరుపతమ్మ తల్లి వెలసిన పెనుగంచిప్రోలున 1874లో జన్మించిన భండారు అచ్చమాంబ, తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు తోడ్పాటుతో చదువు నేర్చి, 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాలను వెలయించి, 1902లో బందరున ఓరుగంటి సుందరీ రత్నమాంబతో గూడి బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పిన విదుషీమణి. ఆమెకు కలిగిన సంతానము చిన్నతనముననే గతించినది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో హిందూదేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో ఇంచుమించు ఇన్నూఱుగురు ఏడాది నిండకయే కన్నుమూయుచుండిరి. ఆ మరణములకు కారణములు పెక్కు. ఐనను, స్త్రీలకు శరీరధర్మములు తెలియకుండుట అందొకటి యని గుర్తించిన తరము అచ్చమాంబతరమే. 1905లో ఆమె అకాలమృత్యువు పాలైనను, లక్ష్మణరావు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రజ్ఞానమును తెలుగున పంచు మార్గమును తెఱచినది.

ఇంతలో రెండవ సమాధానము సముద్రములు దాటి వచ్చినది. అమెరికాలో ఎమ్మెట్ హోల్ట్ 1894లో శిశుపోషణమునకు వేళలు నిర్ణయించి గ్రంథము వ్రాసెను. న్యూజీలండులో మానసిక చికిత్సాలయాధికారిగా నుండి దూడల పెంపకమున క్రమబద్ధ పోషణపు ఫలమును గమనించిన ట్రూబీ కింగ్, 1907లో ప్లంకెట్ సంఘమును స్థాపించి, నాలుగు గంటల కొకమాఱు పాలిచ్చుట, రాత్రి పాలు మానుట అను నియమములను ప్రచారము చేసెను. ఆ పద్ధతిలో వేళైనచో నిద్రించు బిడ్డను లేపవలెను. వేళ కానిచో ఏడ్చు బిడ్డను ఏడువనీయవలెను. ఇంగ్లీషు విద్య, దాదుల శిక్షణము, డబ్బాపాల వర్తకుల కరపత్రములు ఈ గడియారపు ధర్మమును దేశదేశములకు మోసినవి. తెలుగునాట స్త్రీల వైద్యమునకు దారి చూపినవి 1844లో ఏర్పడిన మదరాసు ఎగ్మూరు ప్రసూతి వైద్యశాలయు, 1883లో గుంటూరు చేరిన అన్నా సారా కుగ్లరు 1898లో తెఱచిన ఆసుపత్రియు. అట్టి సంస్థలు ప్రసవమున శుచిని, శిక్షణపొందిన చేతిని తెచ్చి అసంఖ్యాక ప్రాణములను నిలిపినవి. ఆ మేలు మఱువరానిది. గడియారపు నియమమో, గోడగడియారమే యెఱుగని మెట్టపల్లెలలో వేరూనలేదు. పట్టణములలో చదువుకొన్న కుటుంబములు దానిని పాటించి, నడుమ వేళల చన్ను అందీయక పాలు తగ్గించుకొని, డబ్బాపాలకు అలవడిన సందర్భములు కలవు. చన్ను ఎంత చీకబడునో అంత పాలూరునను ప్రకృతిధర్మమును ఆ గడియారము లెక్కింపలేదు.

ఈ రెండు లోకముల నడుమ నిలిచి పనిచేసిన వైద్యురాలు మరల పెనుగంచిప్రోలి వంశమునుండియే వచ్చుట చరిత్ర చేసిన ఉపకారము. లక్ష్మణరావు కుమార్తె, మేనత్త పేరు ధరించిన డాక్టరు కొమఱ్ఱాజు అచ్చమాంబ 1906లో జన్మించి, మదరాసున వైద్యవిద్య నభ్యసించి, బెజవాడలో ప్రసూతి వైద్యురాలుగా ప్రసిద్ధికెక్కి, 1957లో అచ్చటినుండియే లోకసభకు ఎన్నికై, 1964లో దివంగతురాలయ్యెను. ప్రసూతిని, శిశుపోషణమును గూర్చి ఆమె తెలుగున గ్రంథము రచించెను. మేనత్త స్త్రీల చరిత్రను స్త్రీల భాషలో చెప్పినది. మేనకోడలు స్త్రీల శరీరమును స్త్రీల భాషలో చెప్పినది. పురిటిగదిలోని ప్రశ్నలకు సమాధానము తల్లికి తెలిసిన మాటలలోనే దొరకవలెనను సంకల్పము ఆ యింట రెండు తరములు నిలిచినది.

కాలక్రమమున గడియారపు ధర్మము తన జన్మస్థానములలోనే సడలినది. 1946లో బెంజమిన్ స్పాక్ గ్రంథము తల్లుల సహజబుద్ధికి ధైర్యము చెప్పినది. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు యునిసెఫ్ సంస్థయు కలిసి ప్రకటించిన పది సూత్రములలో, బిడ్డ కోరినప్పుడెల్ల పాలీయవలెననునది ఒకటి. 1992లో మన దేశము డబ్బాపాల ప్రచారమును శాసనముచే అరికట్టినది. పుట్టిన గంటలోపల ముర్రుపాలే పట్టవలెనను బోధ పల్లెపల్లెకు చేరినది. చాపపై తల్లి ప్రక్కనే బిడ్డ నుంచిన అమ్మమ్మ పద్ధతికి ఈ విధముగా సగము గౌరవము దక్కినది. ముర్రుపాలు పాఱబోసిన ఆచారమునకు మాత్రము స్వస్తి చెప్పవలసి వచ్చినది.

కోరినప్పుడెల్ల యను సూత్రమునందును ఒక లోపము మిగిలినది: కోరలేని బిడ్డ సంగతి యేమి? దీనికి మూడవ సమాధానమును త్రాసు ఇచ్చినది. 2011 నుండి ఆశా కార్యకర్త ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను మూడవ, ఏడవ, పదునాలుగవ, ఇరువదియొకటవ, ఇరువదియెనిమిదవ, నలువదిరెండవ దినములలో ఇంటికి వచ్చి చూచి, తూచి, తాకి పరీక్షింపవలెనను విధి దేశమంతట అమలైనది. 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేట పల్లెలలోను ఆమె సంచిలో ఆ త్రాసు తిరుగుచున్నది. ఆ త్రాసు చెప్పు విషయము సరళమైనది. ఇంచుమించు ప్రతి శిశువును తొలిదినములలో కొంత బరువు తగ్గును. నూటికి ఏడు వంతుల లోపు తగ్గుట సాధారణము, పది వంతులు చేరుట భయహేతువు. రెండు వారములలోపల పుట్టినప్పటి బరువు మరల రావలెను. అది వచ్చునంతవఱకు ఇరువదినాలుగు గంటలలో ఎనిమిది నుండి పండ్రెండు మాఱులు పాలందవలెను. బిడ్డ నిద్రలో నున్నను మూడు నాలుగు గంటలు మించనీయక లేపవలెను. బరువు వచ్చి, చురుకుగా చీకి, దినమునకు ఆఱుమాఱులకు తగ్గక మూత్రము పోయు నిండునెలల బిడ్డను ఆ పిదప నిద్రించినంతసేపు నిద్రింపనీయవచ్చును. నెలలు నిండక పుట్టినవారికి, రెండున్నర కిలోలకు తక్కువ తూగినవారికి, కామెర్లు సోకినవారికి వైద్యులు చెప్పునంతవఱకు ఈ మేల్కొలుపు తప్పదు.

లేపు విధమునందు సుశ్రుతుని మాటయే నేటికిని శిరోధార్యము. పొత్తిళ్లు వదులుచేసి, బట్ట మార్చి, తల్లి ఎదపై ఒంటికి ఒళ్లు తగులునట్లు పరుండబెట్టి, అఱకాళ్లను వీపును మృదువుగా నిమిరినచో పెక్కురు పిల్లలు కనులు తెఱచి చన్ను వెదకుకొందురు. చీకలేని బలహీనునకు తల్లి పాలు పిండి, శుభ్రపఱచిన ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టవచ్చును. పూర్వము చక్కెరనీరు పట్టిన ఆ పాత్రకే ఇది సార్థకమైన వినియోగము. ఎంత నిమిరినను మేల్కొననిచో, లేచియు చీకనిచో, ఒడలు చల్లబడినను కాలినను, పచ్చదనము అఱచేతులకు అఱకాళ్లకు దిగినను, అది నిద్ర కాదు, వ్యాధి. అట్టి బిడ్డను క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను.

మూడు సమాధానములను పోల్చిచూడగా నాకు దోచునది యిది. అమ్మమ్మకు బిడ్డ తెలియును గాని బరువు తెలియదు. గడియారమునకు వేళ తెలియును గాని బిడ్డ తెలియదు. త్రాసునకు బరువు తెలియును గాని రాత్రివేళ దీపము పట్టి కూర్చుండుట తెలియదు. ఆ చివరి పని నేటికిని ఇంటివారిదే. మిరపకోతలలో అలసిన శరీరముతో ప్రసవించిన తల్లికి మూడు గంటల కొకమాఱు మెలకువ తెచ్చుకొనుమని ఆజ్ఞాపించి తక్కినవారు నిద్రించుట న్యాయము కాదు. బిడ్డను నిమిరి లేపి తల్లికి అందించుట, త్రావిన పిదప భుజముపై వేసికొని త్రేన్పు తెప్పించుట, తల్లిని మరల నిద్రపుచ్చుట అమ్మమ్మయు, తండ్రియు, మేనత్తయు పంచుకొనదగిన కర్తవ్యము. పురిటినిద్రను కాపాడు పెద్దరికము మన ఇండ్ల కెన్నడును కొఱవడలేదు. ఆ పెద్దరికమే తొలి రెండువారములు మేల్కొలుపు బాధ్యతను గూడ స్వీకరించినచో, నిద్రించు బిడ్డను లేపరాదను పాతమాట తన నిజమైన కాలమున, బరువు తిరిగివచ్చిన పిదప, నిర్భయముగా చెల్లుబడి కాగలదు.