ఆడనిచ్చారు, నడపనివ్వలేదు: ఎమ్లెన్ టనెల్ కథ



పోయిన ఆదివారం పెనుకొండలో హాస్టల్ పిల్లలతో కూర్చున్నాను. మాటల మధ్యలో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా కాలేజీ కబడ్డీ టీములో నేను మూడేండ్ల నుంచి కార్నరే. పట్టు పడితే వదలనని అందరూ అంటారు. కెప్టెన్ని చేయాల్సి వస్తే మాత్రం నా పేరు ఎవరికీ గుర్తు రాదు. నాకు ఆట తెలీదా అన్నా?"

నవ్వుతూనే అడిగాడు. పక్కనున్న పిల్లలు కూడా నవ్వినారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, అప్పటికప్పుడు జవాబూ దొరకలేదు. ఇంటికొచ్చినాక ఒక మనిషి గుర్తొచ్చాడు. మన ఊరివాడు కాదు, మన దేశంవాడూ కాదు. పేరు ఎమ్లెన్ టనెల్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్సివ్ బ్యాక్. ఈ వారం ఆయన గురించే రాస్తున్నా. ఆ తమ్ముడికి నా జవాబు కూడా ఇందులోనే ఉంది.

ముందు ఆట ఏంటో చెప్తా. అమెరికావాళ్ల ఫుట్‌బాల్ మనం చూసే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతుల్తో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు. ఒక్కో పక్క 11 మంది. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోవాలి. బంతి విసిరేవాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఆట నడిపేది ఆయనే. ఆ బంతి అందుకోవడానికి దూరంగా పరిగెత్తే వాళ్లను కాపలా కాసేవాడే డిఫెన్సివ్ బ్యాక్. అందరికన్నా వెనక ఉంటాడు. ఆయన్ను దాటిపోయారంటే ఇంక ఆపేవాడు ఉండడు.

కబడ్డీ ఆడినోళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. మన కార్నర్ రైడర్ కళ్లు చూడడు, కాళ్లు చూస్తాడు. వాడు ఎటు తిరగబోతాడో వాడికన్నా ముందే పసిగడతాడు. డిఫెన్సివ్ బ్యాక్ పని కూడా అదే. ఎదుటి జట్టు తమ మనిషికి విసిరిన బంతిని మధ్యలోనే అందుకున్నాడంటే దాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. ఆ ఒక్క పట్టుతో బంతి మన చేతికొస్తుంది, ఆట తిరగబడుతుంది.

ఇప్పుడు చరిత్రలోకి పోదాం.

ఈ ఆటకు అమెరికాలో పెద్ద లీగ్ ఎన్ఎఫ్ఎల్. 1920లో మొదలైంది. తొలి రోజుల్లో కొద్దిమంది నల్లజాతి ఆటగాళ్లు ఉండేవాళ్లు. 1921లో ఫ్రిట్జ్ పొలార్డ్ అనే నల్లజాతి మనిషి ఒక జట్టుకు కోచ్‌గా కూడా పనిచేశాడు. 1933 తర్వాత ఒక్కరు కూడా లేకుండా పోయారు. 1934 నుంచి 1945 దాకా, 12 సీజన్లు, లీగ్ మొత్తంలో ఒక్క నల్ల ముఖం లేదు.

నిషేధం అని ఎక్కడైనా రాశారా? రాయలేదు. రూలు పుస్తకంలో ఒక్క ముక్క ఉండదు. అడిగితే "సరైన ఆటగాడు దొరకలేదు" అంటారు. ఈ మాట మనం ఎక్కడెక్కడ విన్నామో నేను చెప్పాల్సిన పనిలేదు. రాసిన రూలు ఉంటే కోర్టుకు పోవచ్చు, తగలబెట్టవచ్చు. రాయని రూలును ఏం చేస్తాం?

1946లో ఆ గోడకు మొదటి బీట పడింది. క్లీవ్‌ల్యాండ్ నుంచి రామ్స్ జట్టు లాస్ ఏంజెలెస్‌కు మారింది. అక్కడి కొలీజియం స్టేడియంలో ఆడుకోనివ్వమని అడిగింది. అది ప్రజల సొమ్ముతో కట్టిన స్టేడియం. నల్లజాతి పత్రికల్లో ఆటల గురించి రాసే విలేఖరులు ఆ సమావేశానికి పోయి నిలదీశారు: మా పన్నులతో కట్టిన మైదానంలో మా పిల్లలు లేని జట్టు ఎట్లా ఆడుతుంది? ఆ ఒత్తిడికి రామ్స్ జట్టు కెన్నీ వాషింగ్టన్‌నూ, వుడీ స్ట్రోడ్‌నూ తీసుకుంది. గమనించండి, యజమానుల మనసు మారి తలుపు తీయలేదు. స్టేడియం తాళంచెవి ప్రజల దగ్గర ఉంది కాబట్టి తీశారు.

అదే 1946లో మన బాబాసాహెబ్, అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లజాతివాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకుంటున్న అర్జీ ప్రతులు పంపమని అడిగారు. వాళ్ల స్థితికీ అంటరానివాళ్ల స్థితికీ ఎంతో పోలిక ఉందని అందులో అన్నారు. వాళ్ల చరిత్ర చదవడం మనకు కొత్త అలవాటేం కాదు. ఆయన నేర్పిన అలవాటే.

ఇంక టనెల్ దగ్గరికి వద్దాం. పెన్సిల్వేనియా రాష్ట్రంలో గ్యారెట్ హిల్ అనే చోట పెరిగాడు. తల్లి ఇంకొకరి ఇంట్లో పనిచేసి పిల్లల్ని సాకింది. టొలీడో యూనివర్సిటీలో ఆడుతూ 1942లో మెడ విరగ్గొట్టుకున్నాడు. ఇంక ఫుట్‌బాల్ వద్దన్నారు. యుద్ధంలోకి పోదామంటే ఆ మెడ చూసి సైన్యమూ, నౌకాదళమూ వద్దన్నాయి. ఆఖరికి కోస్ట్ గార్డ్‌లో చేరాడు. 1944లో పాపువా న్యూ గినీ తీరంలో ఆయన ఓడ మీద టార్పెడో దాడి జరిగింది. మంటల్లో కాలుతున్న తోటివాడిని ఒట్టి చేతులతో మంటలార్పి బయటికి మోసుకొచ్చాడు. 1946లో గడ్డకట్టే సముద్రంలోకి దూకి ఇంకొకరిని కాపాడాడు. ఈ రెండు పనులకూ పతకం ఎప్పుడొచ్చిందో తెలుసా? 2011లో. అప్పటికి ఆయన చనిపోయి 36 ఏండ్లు.

యుద్ధం అయిపోయాక అయోవా యూనివర్సిటీలో ఆడాడు. ఎన్ఎఫ్ఎల్ జట్లు ఏటా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. టనెల్‌ను ఎవరూ ఎంచుకోలేదు. 1948లో అరటిపండ్లు వేసుకుపోతున్న లారీ ఒకటి పట్టుకుని న్యూయార్క్ పోయాడు. పిలవకుండానే జెయింట్స్ జట్టు ఆఫీసులోకి నడిచిపోయి, యజమాని టిమ్ మారాను అవకాశం ఇమ్మని అడిగాడు. ఇచ్చారు. ఆ జట్టు చరిత్రలో మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే.

ఆ తర్వాత ఏం చేశాడో చూడండి.

1950 అక్టోబర్ 1. క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ అప్పట్లో బంతి విసరడంలో తిరుగులేని జట్టు. జెయింట్స్ కోచ్ స్టీవ్ ఓవెన్ కొత్త వ్యూహం పన్నాడు. వెనక నలుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లు గొడుగు విప్పినట్టు విచ్చుకుని నిలబడతారు. దాన్ని 'అంబ్రెల్లా' అన్నారు. ఆ నలుగురు టనెల్, టామ్ ల్యాండ్రీ, ఓటో ష్నెల్‌బాకర్, హార్మన్ రో. జెయింట్స్ 6-0తో గెలిచింది. బ్రౌన్స్ జట్టు ఒక్క పాయింట్ కూడా చేయలేకపోవడం దాని చరిత్రలో అదే మొదటిసారి.

1952లో ఇంకా విచిత్రం. పట్టిన ఇంటర్‌సెప్షన్లతోనూ, ఎదుటివాళ్లు తన్నిన బంతిని తిరిగి పట్టుకొచ్చిన పరుగులతోనూ కలిపి టనెల్ 900 గజాలకు పైగా సంపాదించాడు. ఆ ఏడాది లీగ్‌లో బంతితో పరిగెత్తడమే పనిగా ఉన్నవాళ్లలో మొదటివాడు డ్యాన్ టౌలర్. ఆయనవి 894 గజాలు. అంటే, ఆపడానికి నిలబెట్టినవాడు పరిగెత్తడానికి పెట్టుకున్నవాళ్లందరినీ మించిపోయాడు.

1956లో జెయింట్స్‌తో, 1961లో గ్రీన్ బే ప్యాకర్స్‌తో చాంపియన్ అయ్యాడు. మొత్తం 79 ఇంటర్‌సెప్షన్లు. ఆ రికార్డు 1979 దాకా నిలబడింది. 1967లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. అందులో చోటు దక్కిన మొదటి నల్లజాతి మనిషి, కేవలం డిఫెన్స్ ఆడి చోటు సంపాదించిన మొదటి ఆటగాడు, రెండూ ఆయనే.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే ఇది "కష్టపడితే ఏదైనా సాధ్యమే" అనే కథ అవుతుంది. అట్లాంటి కథలు మనకు చాలామంది చెప్తారు. నేను ఆపను.

ఆ గొడుగులో నలుగురి పేర్లు చెప్పాను కదా, వాళ్లలో టామ్ ల్యాండ్రీని చూడండి. తెల్లవాడు. టనెల్ పక్కన నిలబడి అదే ఆట ఆడాడు, అదే వ్యూహం నేర్చుకున్నాడు. 1960లో డాలస్ కౌబాయ్స్‌కు హెడ్ కోచ్ అయ్యాడు. 29 సీజన్లు ఆ కుర్చీలో కూర్చున్నాడు. టనెల్ అప్పటికి ఇంకా ఆడుతున్నాడు. ఆట మానేశాక జెయింట్స్‌కు కొత్త ఆటగాళ్లను వెతికిపెట్టే స్కౌట్‌గా, తర్వాత అసిస్టెంట్ కోచ్‌గా పనిచేశాడు. 1975 జూలైలో జట్టు శిక్షణ శిబిరంలోనే గుండెపోటుతో పోయాడు. హెడ్ కోచ్ కుర్చీ ఆయనకు ఎప్పుడూ దక్కలేదు.

ల్యాండ్రీకి తెలివి లేదని నేను అనడం లేదు. ఆయన గొప్ప కోచ్. నేను చెప్పేది ఒక్కటే. 1920లలో పొలార్డ్ తర్వాత 1989లో ఆర్ట్ షెల్ వచ్చేదాకా ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క నల్లజాతి హెడ్ కోచ్ లేడు. ఆ కుర్చీ టనెల్‌కు మాత్రమే కాదు, ఆయన రంగున్న ఏ మనిషికీ లేదు. ఇక్కడ కూడా రాసిన రూలు లేదు. మళ్లీ అదే మాట, "సరైన మనిషి దొరకలేదు".

మైదానంలో కూడా ఇట్లాంటి పంపకమే. జాన్ లాయ్, జోసెఫ్ మెకెల్వోగ్ అనే ఇద్దరు పరిశోధకులు 1970లో లెక్క తీశారు. ఆట నడిపే స్థానాల్లో తెల్లవాళ్లు, పరుగూ ఒళ్లూ కావలసిన అంచు స్థానాల్లో నల్లవాళ్లు పోగుపడ్డారని తేల్చారు. క్వార్టర్‌బ్యాక్‌కు 'బుర్ర' కావాలట, డిఫెన్సివ్ బ్యాక్‌కు 'ఒళ్లు' చాలట. 79 సార్లు క్వార్టర్‌బ్యాక్ బుర్రను ముందే చదివేసినవాడిది ఏం బుర్ర మరి?

మన దగ్గర పల్వంకర్ బాలూ కథ చదివినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. చమార్ కులంలో పుట్టిన ఎడమచేతి స్పిన్నర్. 1911లో భారత జట్టుతో ఇంగ్లండ్ పోయి వందకు పైగా వికెట్లు తీశాడు. హిందూ జట్టుకు ఎన్నో మ్యాచ్‌లు గెలిపించాడు. కెప్టెన్సీ మాత్రం ఆయనకు ఇవ్వలేదు. చివరికి 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు అది దక్కింది. బాలూ చేత్తో వికెట్లు కావాలి, బాలూ మాట మాత్రం వద్దు.

టనెల్ ఒంటరిగా ఏం పోలేదు. గ్రీన్ బేలో ఉండగా విల్లీ వుడ్ అనే కుర్రాడికి ఆట నేర్పాడు. వుడ్‌ను కూడా డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. అవకాశం ఇవ్వమని జట్లకు తనే ఉత్తరాలు రాసుకున్నాడు. ఆ వుడ్ కూడా 1989లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. తలుపు తట్టి లోపలికి పోయినవాడు తన వెనక వచ్చేవాడికి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఎదిగినవాడి మొదటి బాధ్యత అదే అని నేను నమ్ముతా.

చివరి జట్టు కథ కూడా వినండి. వాషింగ్టన్ జట్టు యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ 1961 దాకా ఒక్క నల్లవాడినీ రానివ్వలేదు. ఆయన కొత్త స్టేడియం ప్రభుత్వ భూమిలో ఉంది. కెనడీ ప్రభుత్వం గట్టిగా చెప్పింది: వివక్ష మానకపోతే స్టేడియం ఇవ్వం. 1962లో నల్లజాతి ఆటగాళ్లు ఆ జట్టులోకి వచ్చారు. మళ్లీ అదే పాఠం. భూమి ప్రజలది అయితే షరతు కూడా ప్రజలదే. ప్రభుత్వ భూమి, రాయితీ, నీళ్లు, కరెంటు తీసుకునే ప్రతి సంస్థనూ ఈ ప్రశ్న అడగవచ్చు.

తమ్ముడూ, ఇప్పుడు నీకు జవాబు. నీకు ఆట తెలుసు. మూడేండ్లు మూలన నిలబడి రైడర్ కాళ్లు చదివినవాడికి ఆట తెలీకపోవడం ఏంది? మన పిల్లలు ఎక్కడైనా లోపలికి పోయినప్పుడు పండగ చేసుకుందాం. పండగ అయిపోయాక మూడు ప్రశ్నలు అడుగుదాం. మనవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఏ చోట నిలబెట్టారు? నిర్ణయం తీసుకునే కుర్చీలో ఎవరున్నారు? మొదటి ప్రశ్నతో ఆగిపోతే మనల్ని మూలనే ఉంచుతారు.

ఈసారి టీము ఎంపిక చేసేటప్పుడు, కెప్టెన్ని ఏ లెక్కన ఎంచుకుంటారో పీఈటీ సార్‌ను అడుగు. మర్యాదగా అడుగు, నలుగురి ముందర అడుగు, కాగితం మీద రాసి అడుగు. టనెల్‌ను కూడా ఎవరూ పిలవలేదు. అరటిపండ్ల లారీ ఎక్కి తనే పోయాడు.

ఏమన్నారో వచ్చే ఆదివారం నాకు చెప్పు. జై భీమ్.