మీట నుంచి అద్దం దాకా

ప్రత్యేక సంచికకు పాత సంగతులేవైనా రాయమని కార్యదర్శిగారు అడిగిన వారంలోనే, మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, ఉప్పుడు బియ్యం డ్రయ్యరుకు కొత్త పానెల్ పెడుతున్న. టచ్ స్క్రీన్ అంటున్నరు. ఏది తీసుకోమంటవు?" అన్నాడు. పెన్షనరును కదా, తీరిక ఎక్కువ. మొదటినుంచీ చెప్పుకొచ్చాను.

మన రోజుల్లో కంట్రోల్ రూమంటే గోడ పొడవునా పానెల్ బోర్డులు. ఒక్కో పనికి ఒక్కో మీట, ఒక్కో దీపం. షిఫ్టు మారగానే దీపాలన్నీ వెలుగుతున్నాయో లేదో నొక్కి చూడటం, గంటగంటకూ లాగ్ షీటు నింపటం మీకు తెలిసినదే. యంత్రం పెద్దదయ్యేకొద్దీ బోర్డూ పెరిగేది.

ఈ ఇబ్బందే టచ్ స్క్రీన్‌ను పుట్టించిందంటే కొందరికి వింతగా తోచవచ్చు. కెపాసిటివ్ పద్ధతి గురించి 1965లోనే ఇంగ్లండులో జాన్సన్ అనే ఇంజనీరు రాశాడు. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో సుమారు 7 కిలోమీటర్ల చుట్టుకొలత గల యంత్రాన్ని కొద్దిపాటి బల్లల దగ్గర కూర్చొని నడపాల్సి వచ్చింది. వేల మీటలు ఎక్కడ పెడతారు? ఫ్రాంక్ బెక్, బెంట్ స్టుంప్ అనేవారు 1973లో ఆ పనికి తాకే తెర ప్రతిపాదించారు. 1976లో ఆ యంత్రం నడక మొదలైంది. సెల్‌ఫోనుకన్నా ఎంతో ముందే ఈ అద్దం కంట్రోల్ రూములో డ్యూటీ ఎక్కిందన్నమాట.

రెండో రకం రెసిస్టివ్. అమెరికాలో శామ్ హర్స్ట్ 1970 ప్రాంతంలో మొదలుపెట్టినది. కింద అద్దం, పైన పల్చని ప్లాస్టిక్ పొర, మధ్య సన్నని ఎడం. నొక్కితే రెండూ కలుస్తాయి. చేతి తొడుగున్నా, వేలు తడిసినా పనిచేస్తుంది. కెపాసిటివ్‌కు గట్టి అద్దం ఉంటుంది, గీతలు త్వరగా పడవు. కానీ నీటిచుక్కను వేలనుకుంటుంది, మామూలు తొడుగును గుర్తించదు. తొడుగుతో పనిచేసేవి తర్వాత వచ్చాయి, ధర ఎక్కువ.

రెసిస్టివ్‌లోనూ తేడా ఉంది. నాలుగు తీగల దానిలో పైపొర కూడా కొలతలో పాలుపంచుకుంటుంది. అది అరిగితే కొలత తప్పుతుంది. ఐదు తీగల దానిలో కొలతంతా కింది అద్దం మీదే కాబట్టి ఎన్నో రెట్లు మన్నుతుంది. ఈ తేడా నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. ఒకచోట, పేరెందుకు లెండి, ఒకటో పంపు బొమ్మ మీద వేలు పెడితే రెండో పంపు మొదలైంది. దాని దగ్గర మనిషి పనిచేస్తున్నాడు. పక్కనున్న ఎర్ర బటన్ కొట్టాను కాబట్టి సరిపోయింది.

మిల్లులో ఆవిరి, తౌడు, ఊక. ఊకలో సిలికా ఉంటుంది, ప్లాస్టిక్‌ను గీరేస్తుంది. అందుకని ఐదు తీగలదే తీసుకొని, మీద మార్చుకునే పొర అతికించి, దుమ్మూ నీటిధారా చొరని ఐ.పి. 65 ముఖభాగం అడగమన్నాను. డ్రయ్యరు వేడికి దూరంగా బిగించమన్నాను.

ఎర్ర బటన్ సంగతికి వచ్చేసరికి నా గొంతు మారింది. అమ్రాబాద్ మండలంలో, మన్ననూరు దాటి నల్లమలలోకి పోతే వచ్చే ఈగలపెంట మనలో చాలామందికి తెలిసిన ఊరే. అక్కడి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు 6. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు లేచి, పొగ కమ్మి 9 మంది పోయారు. 7గురు జెన్‌కోవారు, 2రు బ్యాటరీల పనికి వచ్చినవారు. తెరలవల్ల జరిగిందని నేననటం లేదు. పొగలో ఏ తెరా కనపడదని, కరెంటు పోతే అద్దం నల్లబడుతుందని మాత్రమే అంటున్నాను. చీకట్లో తడిమితే చేతికి తగిలేది మీటే. అందుకే ఆపే బటన్ తెరలోని బొమ్మ కాకూడదు. పసుపు పళ్లెం మీద ఎర్రగా, ప్రోగ్రాముతో పనిలేకుండా విడి తీగలతో నేరుగా కాంటాక్టరును పడగొట్టాలి.

"దానికి మళ్లా ఖర్చా మామా?" అన్నాడు. కొంతసేపు మాట్లాడలేదు. వారం తర్వాత ఫోటో పంపాడు. ఒక బటన్ పానెల్ పక్కన, ఇంకొకటి డ్రయ్యరు మెట్ల దగ్గర.

మన పాత పానెల్ బోర్డుల ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే సంఘ కార్యాలయానికి పంపగలరు. నా దగ్గర ఒక్కటీ మిగల్లేదు.